పెద్ద బండి కొనే రైతుకు: డీజిలా, పెట్రోలా?

మిర్చి డబ్బో, పత్తి డబ్బో కాస్త నిండుగా చేతికొచ్చిన ఏడాది చాలా ఇళ్లలో ఒక మాట లేస్తుంది. ఈసారి బండి కొందామని. ట్రాక్టరు కాదు, ఇంటిల్లిపాదీ ఎక్కే బండి. పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, పెళ్లిళ్లకు వెళ్లాలి, యార్డుకు వెళ్లి రేటు చూసుకోవాలి, వెనక సీటు మడిచి నాలుగు ఎరువు బస్తాలో, నర్సరీ నుంచి నారు ట్రేలో వేసుకురావాలి. ఒక్కరి వల్ల కాకపోతే అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురు కలిసి కొంటున్నారు. కొత్తది అందకపోతే పాతది చూస్తున్నారు.

అప్పుడు మొదటి ప్రశ్న డీజిలా, పెట్రోలా అన్నదే. పల్లెలో దీనికి జవాబు ఎప్పుడో ఖాయమైపోయింది. పెద్ద బండి అంటే డీజిలే. ఆ జవాబు చాలావరకు ఇప్పటికీ సరైనదే. కానీ 2020 తర్వాత తయారైన డీజిల్ బండ్ల విషయంలో ఒక కొత్త షరతు వచ్చింది. అది తెలియక కొన్నవారు షోరూమ్ చుట్టూ తిరుగుతున్నారు. ఆ షరతు ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

కొన్ని బండ్ల విషయంలో ఈ ప్రశ్నే రాదు. మహీంద్రా బొలెరో డీజిల్‌లోనే దొరుకుతుంది. ఇన్నోవాలో క్రిస్టా అంటే డీజిల్, హైక్రాస్ అంటే పెట్రోల్. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేసింది. స్కార్పియో-ఎన్ లాంటి వాటిలో రెండూ ఉంటాయి. అక్కడ మాత్రం మనమే తేల్చుకోవాలి.

డీజిల్ చవక అన్న మాట ఎక్కడిది?

2012 మే నెలాఖరులో ఢిల్లీలో లీటరు పెట్రోల్ 73 రూపాయలు దాటింది. అదే రోజుల్లో డీజిల్ 41 రూపాయల లోపే ఉంది. లీటరుకు ముప్ఫై రూపాయలకు పైగా తేడా. పెట్రోల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010లోనే పోయింది, డీజిల్ మీద 2014 అక్టోబరు దాకా కొనసాగింది. మన పెద్దలు ‘డీజిల్ బండి కొను’ అని చెప్పింది ఆ రోజుల లెక్కతోనే. 2025లో హైదరాబాదులో పెట్రోల్ సుమారు 107 రూపాయలు, డీజిల్ సుమారు 96. ఆంధ్రప్రదేశ్‌లో రెండూ ఇంకో రూపాయో రెండో ఎక్కువ. అంటే తేడా పదకొండు, పన్నెండు రూపాయలకు దిగింది.

అలాగని డీజిల్ లాభం పోలేదు. లాభం ఇప్పుడు ధరలో కన్నా మైలేజీలో ఉంది. లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోల్ కంటే పది శాతం పైచిలుకు శక్తి ఎక్కువ. పైగా డీజిల్ ఇంజన్ ఆ శక్తిని ఎక్కువగా చక్రానికి చేరుస్తుంది, తక్కువగా వేడిగా వదిలేస్తుంది. చిన్న కారులో ఈ తేడా పెద్దగా కనపడదు. ఖాళీగానే రెండు టన్నులకు దగ్గరగా ఉండే బండిలో బాగా కనపడుతుంది.

ఒక లెక్క వేద్దాం. పెద్ద బండి మన రోడ్ల మీద లీటరు డీజిల్‌కు 13 కిలోమీటర్లు, అదే బండి పెట్రోల్‌లో 9 కిలోమీటర్లు ఇచ్చిందనుకుందాం. డీజిల్‌తో కిలోమీటరుకు 7 రూపాయల 40 పైసలు, పెట్రోల్‌తో 11 రూపాయల 90 పైసలు పడుతుంది. తేడా నాలుగున్నర రూపాయలు. డీజిల్ బండి కొనేటప్పుడు 80 వేలు ఎక్కువ పెట్టారనుకోండి. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగేవారికి ఇంధనంలో 54 వేలు మిగులుతుంది, ఏడాదిన్నరలో ఆ అదనపు ధర తిరిగొచ్చేస్తుంది. ఏడాదికి 5 వేలే తిరిగేవారికి 22,500 మిగులుతుంది. డీజిల్ సర్వీసుకు, ఫిల్టర్లకు అదనంగా ఐదు వేలు తీసేస్తే 17,500. అప్పుడు నాలుగున్నరేళ్లు ఆగాలి. మీ బండి ధరలు, మీ ఊరి బంకు రేటు వేసుకుని ఈ లెక్క మీరే మళ్లీ వేసుకోండి. మైలేజీ మాత్రం షోరూమ్ కాగితంలోది తీసుకోవద్దు. అదే బండి నడిపే ఇద్దరు ముగ్గురిని అడిగి తీసుకోండి.

పన్నులో, ఇన్సూరెన్సులో ఇంధనం వల్ల వచ్చే తేడా తక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించని బండికి జీఎస్టీ 18 శాతం. అంతకు మించితే ఏ ఇంధనమైనా 40 శాతం. బొలెరో నాలుగు మీటర్ల లోపు, 1500 సీసీ లోపు కాబట్టి 18 శాతంలోకి వచ్చింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా సీసీని బట్టే, ఇంధనాన్ని బట్టి కాదు.

బరువు మోసేటప్పుడు

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే అది కాలిపోయేంత వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే మండుతుంది. ఇంత నొక్కుడు తట్టుకోవాలి కాబట్టే ఇంజన్ దిట్టంగా, బరువుగా, ఖరీదుగా ఉంటుంది. తక్కువ వేగంలోనే లాగుడు బలం రావడం దీని గుణం. ఏడుగురు ఎక్కి, పైన సామాను కట్టి, పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడో, వాన తర్వాత నల్లరేగడి బాటలో చక్రం దిగబడినప్పుడో ఈ గుణం విలువ తెలుస్తుంది.

ఇప్పటి టర్బో పెట్రోల్ ఇంజన్లూ ఇందులో తీసిపోవు. స్కార్పియో-ఎన్‌లో పెట్రోల్ ఇంజన్ లాగుడు బలం కాగితం మీద డీజిల్‌కు దాదాపు సమానం, గుర్రపు శక్తి డీజిల్ కంటే ఎక్కువే. శబ్దం, అదురు తక్కువ. కానీ బరువు మీద, ఎత్తు మీద గట్టిగా తొక్కితే పెట్రోల్ తాగే తీరు వేరు. ఖాళీగా హైవే మీద 11 ఇచ్చిన బండి, నిండుగా ఘాట్ ఎక్కుతూ 6కు దిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. డీజిల్ అంతగా పడిపోదు. స్కార్పియో-ఎన్‌లో నాలుగు చక్రాల లాగుడు డీజిల్‌లోనే ఇవ్వడంలో అర్థం లేకపోలేదు.

ఇంతవరకూ చూస్తే డీజిలే కొనమని చెప్పాలి. ఇక షరతు సంగతి.

2020 తర్వాతి డీజిల్ బండి వేరే బండి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధన వచ్చింది. అప్పటి నుంచి డీజిల్ బండ్ల పొగ గొట్టంలో ఒక జల్లెడ ఉంటోంది. దాన్ని డీపీఎఫ్ అంటారు. ఇంజన్ నుంచి వచ్చే మసిని అది పట్టి ఉంచుతుంది. వెనకటి బండ్లలా నల్లటి పొగ రాకపోవడానికి కారణం ఇదే. మన పిల్లల ఊపిరితిత్తులకు ఇది మేలు.

పట్టిన మసి ఎక్కడికి పోవాలి? జల్లెడ నిండుతున్నప్పుడు బండి తనంతట తాను కాస్త డీజిల్ ఎక్కువ చిమ్మి, జల్లెడను సుమారు 600 డిగ్రీల దాకా వేడి చేసి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. ఇది పూర్తి కావాలంటే బండి ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవాలి.

ఇక్కడే మన పల్లె వాడకం తేడా కొడుతుంది. ఇంటి నుంచి పొలానికి మూడు కిలోమీటర్లు, అక్కడ ఇంజన్ ఆపేస్తాం. గంటకు తిరిగి ఇంటికి. మధ్యాహ్నం ఎరువుల షాపుకు రెండు కిలోమీటర్లు. సాయంత్రం పాల కేంద్రానికి. ఇంజన్ సరిగ్గా వేడెక్కే లోపే బండి ఆగిపోతుంది. మసి కాల్చడం మొదలవుతుంది, సగంలో ఆగిపోతుంది. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. మాకు తెలిసిన ఒక రైతు కుటుంబం ఇలాగే ఏడాదిన్నర నడిపింది. డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగితే సర్వీసు టైమ్ అయిందనుకున్నారు. చివరికి బండి పికప్ పోయి, ఎంత తొక్కినా నలభై దాటక, లారీ మీద ఎక్కించి షెడ్డుకు పంపాల్సి వచ్చింది. పెద్ద బండికి ఈ జల్లెడ మార్చాలంటే మోడల్‌ను బట్టి ఖర్చు లక్ష దాకా పోతుంది. వాడకం వల్ల పూడిపోయిందని కంపెనీ అంటే వారంటీ కూడా వర్తించకపోవచ్చు. ఏడాదికి మిగుల్చుకున్న 17,500 రూపాయలు ఐదారేళ్లవి ఒక్కసారిగా పోయినట్టు.

అందువల్ల కొనేముందు ‘ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు?’ అన్నదొక్కటే అడిగితే చాలదు. ‘ఒకసారి స్టార్ట్ చేస్తే ఆపకుండా ఎంత దూరం పోతాం?’ అని కూడా అడగాలి. మీ ఊరి నుంచి మండల కేంద్రమో, మార్కెట్ యార్డో ముప్ఫై నలభై కిలోమీటర్లుండి, వారానికి రెండుసార్లైనా వెళ్తుంటే డీజిల్‌కు ఢోకా లేదు. మధ్యలో పొలానికి వెళ్లే చిన్న తిరుగుళ్లు ఎన్ని ఉన్నా ఆ పెద్ద ప్రయాణంలో మసి కాలిపోతుంది. బండి వాడకమంతా ఊళ్లో, పొలంలోనే అయితే, నెలకు ఒక్కసారే దూరం వెళ్తే, కొత్త డీజిల్ బండి మీకు సరిపడదు. ఆ పనికి మీ బైకో, ట్రాక్టరో చాలు. పెద్ద బండి కావాల్సిందే అంటే పెట్రోల్ చూడండి.

డీజిల్ కొన్నాక మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆపేసిన తర్వాత కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే, కాలిన వాసన వస్తుంటే, నిలబడ్డప్పుడు ఇంజన్ వేగం మామూలు కంటే ఎక్కువగా ఉంటే, మసి కాల్చడం మధ్యలో ఆపేశారని అర్థం చేసుకోండి. వీలైతే మళ్లీ స్టార్ట్ చేసి రోడ్డెక్కి పావుగంట నడిపి రండి. రెండోది, నెలకోసారి ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ తగ్గితే అందరం కంగారు పడతాం, పెరిగితే పట్టించుకోం. మసి కాల్చడం పదే పదే సగంలో ఆగితే అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే ఇంజనే పోతుంది. మూడోది చాలామందికి తట్టదు. మసి కాలుతున్నప్పుడు గొట్టం బాగా వేడిగా ఉంటుంది. అలాంటి బండిని వరిగడ్డి మీదో, ఎండిన గడ్డి ఉన్న గట్టు మీదో, కళ్లం దగ్గరో నిలపకూడదు. వాము అంటుకుంటే ఆర్పడానికి ఊరంతా రావాలి.

జల్లెడ తీసేసి ఖాళీ గొట్టం పెడతామని చెప్పే షెడ్లు ఉన్నాయి. అది చట్టవిరుద్ధం. వారంటీ పోతుంది. తర్వాత బండి అమ్మేటప్పుడు తెలిసినవాడు ధర తగ్గిస్తాడు.

యూరియా బస్తాతో పని కాదు

కొన్ని డీజిల్ బండ్లకు ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేదాన్ని డీఈఎఫ్ అని, యాడ్‌బ్లూ అని అంటారు. పొగలోని నైట్రోజన్ విషవాయువులను ఇది విరగ్గొడుతుంది. అందులో ఉండేది 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీరు.

ఇది విన్న ప్రతి రైతూ అడిగే ప్రశ్న ఒకటే. మన దగ్గర బస్తా ఉంది కదా, కలుపుకుంటే పోలా? వద్దు. మనకు 266 రూపాయల 50 పైసలకు వచ్చే 45 కిలోల యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. 2015 నుంచి పంటలకు ఇచ్చేదంతా అలాంటిదే. ఆ నూనె, ఎరువులోని మలినాలు, బోరు నీటిలోని ఉప్పు కలిసి సన్నని చిమ్ము రంధ్రాలను, లోపలి క్యాటలిస్టును పాడు చేస్తాయి. పైగా సబ్సిడీ యూరియాను పంటకు తప్ప వేరే పనికి వాడటం నేరం. బంకుల్లో, స్పేర్ పార్ట్స్ షాపుల్లో సీలు వేసిన డబ్బాలు దొరుకుతాయి, అవే వాడండి. ఈ ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే బండి మళ్లీ స్టార్ట్ కాదు. మీరు చూస్తున్న మోడల్‌కు ఈ ట్యాంకు ఉందో లేదో కొనేముందే అడగండి.

ట్రాక్టరు డ్రమ్ములోని డీజిల్

డీజిల్ బండి కొనడానికి రైతు చెప్పుకునే కారణాల్లో ఇదొకటి. ట్రాక్టరుకు, ఆయిల్ ఇంజనుకు ఎలాగూ డీజిల్ తెచ్చి పెడతాం, అందులోంచే బండికీ పోస్తామని. సౌకర్యమే, కానీ ప్రమాదం కూడా. పాత ట్రాక్టరు పంపు కాస్త నలుసును, చుక్క నీటిని ఓర్చుకుంటుంది. ఇప్పటి బండిలో డీజిల్‌ను వాతావరణ పీడనం కంటే వెయ్యిన్నర రెట్లకు పైగా నొక్కి వెంట్రుక లాంటి రంధ్రాల నుంచి చిమ్ముతారు. డ్రమ్ము అడుగున చేరిన తుప్పు, రాత్రి చెమ్మతో చేరిన నీరు వాటిని ఒరిపి పడేస్తాయి. ఇంజెక్టరు ఒక్కోటి పదివేలు దాటుతుంది. బండికి మాత్రం రద్దీగా ఉండే బంకులోనే కొట్టించండి. డీజిల్ ఫిల్టర్ దగ్గర నీళ్లు దించే మర ఉంటుంది, వానాకాలంలో దాన్ని తీయించి చూడండి.

పెట్రోల్ తీసుకుంటే

ఊరి తిరుగుళ్లు ఎక్కువగా ఉండి, ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు దాటని ఇంటికి పెట్రోల్ బండి తక్కువ తలనొప్పి. లీటరుకు తొమ్మిదే ఇస్తోందని కొత్తలో కష్టంగా ఉంటుంది. కొనేటప్పుడు మిగిలిన 80 వేలను గుర్తు చేసుకుంటే సర్దుకుంటుంది.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. మన చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసేదే అది. మన పంటకు గిరాకీ పెరిగితే సంతోషమే. అయితే ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా శక్తి మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది. ఇది చెమ్మను కూడా పీలుస్తుంది. నెలల తరబడి కదలకుండా ఉండే బండిలో పెట్రోల్ అడుగంటా ఉంచకండి, ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తడిగాలికి చోటుండదు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోల్ బండి కొంటే రబ్బరు గొట్టాలు, సీళ్లు ఒకసారి చూపించండి. డీజిల్‌లా పెట్రోల్‌ను ఇంట్లో క్యాన్లలో దాచడం మాత్రం అసలు కూడదు. దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

పాత బండి చూస్తుంటే

చిన్న రైతు ఎక్కువగా కొనేది పాత బండే. ఇక్కడ డీజిల్ లెక్క మళ్లీ మారుతుంది. 2020కి ముందు బండ్లలో మన మెకానిక్‌కు తెలిసిన ఇంజన్లు ఎక్కువ. పాత డీఐ బొలెరో లాంటి వాటికి జల్లెడ గొడవ ఉండదు, మండల కేంద్రంలోనే బాగుపడతాయి. ఊరి తిరుగుళ్లకు అలాంటి బండి నిక్షేపంగా పనికొస్తుంది. మైలేజీ, సౌకర్యం అంతంత మాత్రమే.

చూడటానికి పొద్దున్నే వెళ్లండి. మీరు వచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకోరోజు వస్తామని చెప్పండి. చల్లగా ఉన్న డీజిల్ ఇంజన్ ఎంతసేపటికి అందుకుంటుందో గమనించండి. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఆగకుంటే ఇంజెక్టరో, హెడ్ గాస్కెట్టో చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేస్తే పొగ బుసలు కొడుతూ వస్తే రింగులు అరిగాయి. బీఎస్-6 బండి అయితే తాళం తిప్పగానే హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలగాలి. ఏదైనా వెలగకపోతే లైటు తీసేశారని అనుమానించండి. కంప్యూటర్ పెట్టి జల్లెడ ఎంత నిండిందో చూపించమనండి.

ఢిల్లీ నుంచి పదేళ్ల డీజిల్ బండ్లు చాలా చవకగా ఇక్కడికి వస్తున్నాయి. ఆ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత మార్పులు జరిగినా అమ్మకాలు ఆగలేదు. మన దగ్గర ఆ నిబంధన లేదు, పదిహేనేళ్ల వరకు ఆర్‌సీ చెల్లుతుంది. పదిహేనేళ్లకు మళ్లీ రిజిస్ట్రేషన్‌కు కారుకు ఐదు వేల రూపాయల ఫీజు, బండి పరీక్ష ఉంటాయి. అయితే పక్క రాష్ట్రం బండిని ఇక్కడ మన పేరున మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ ఉండాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. చవకగా వచ్చిందనుకున్న బండికి ఆ పన్ను కలిపితే ఇక్కడి బండి ధరకే వస్తుంది కొన్నిసార్లు. ఎన్‌ఓసీ కాగితం చేతికి రాకుండా, దాని నంబరు ఆర్టీవో ఆఫీసులో సరిచూసుకోకుండా బయానా కూడా ఇవ్వకండి.